మంచం పట్టని అమ్మ

జనవరి 8, బుధవారం

కొత్త సినిమాకు మొదటి సిట్టింగ్. డైరెక్టర్‌కు ముప్పై ఏళ్లు కూడా ఉండవు. నన్ను చూడగానే కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. ఇరవై ఏళ్ల కిందట నేను మాటలు రాసిన జైలు సినిమా చూసి వాళ్ల అమ్మ రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదట. అందులో ములాఖత్ సీన్ ఆయనకు కంఠతా వచ్చు. తల్లి మాటలూ కొడుకు మాటలూ తనే అప్పజెప్పాడు. పొగిడించుకోవడం నాకేమీ చేదు కాదు. వింటూ కూర్చున్నాను.

ఆ సినిమా రాసేనాటికి నేను జైలు గేటు కూడా చూడలేదు. చూసి ఉంటే అలా రాసేదాన్ని కాదేమో. లేదు, అలాగే రాసేదాన్ని.

గోడ మీది తెల్లబోర్డు నిండా కొత్త కథకు కావలసినవి రాసి పెట్టాడు. చేయని నేరానికి లోపలికి వెళ్లిన హీరో. జీవితం గురించి నాలుగు మంచి మాటలు చెప్పి ఇంటర్వెల్ తర్వాత చనిపోయే ముసలి ఖైదీ. మొదట చితక్కొట్టి చివర్లో సెల్యూట్ చేసే జైలరు. కిటికీ ఊచల మీద వాలే పిట్ట. అన్నిటికంటే పెద్ద అక్షరాల్లో తల్లి. పిట్ట ఏ రంగు అని అడిగాను. వెటకారమని తెలియక కాసేపు ఆలోచించి తెలుపు అన్నాడు. సరే అన్నాను. ఇలాంటివి రాయడం నాకు వెన్నతో పెట్టిన విద్య.

తమ్ముడి సంగతి ఆయనకు తెలియదు. ఈ రంగంలో ఎవరికీ తెలియదు. దాచలేదు. చెప్పే సందర్భం రాలేదంతే.

జనవరి 11, శనివారం

జైలుకు వెళ్లాను. తమ్ముడు లోపలికి వెళ్లి పదకొండేళ్లయింది. నెల నెలా తప్పకుండా వెళ్తున్నాను.

గేటు దగ్గర రిజిస్టరు రాసే ఆవిడ తలెత్తి, చాన్నాళ్లకు వచ్చారే అంది. పోయిన నెల వీలు పడలేదన్నాను. ఆవిడ ఊరుకోక వెనక్కి పేజీలు తిప్పింది. నా సంతకం జూన్‌లో దొరికింది. పనిలో పడి నెలలు ఎలా దొర్లిపోతాయో తెలియదు.

ములాఖత్ గదిలో రెండు ఇనుప తీగల జాలీలు ఉంటాయి. మధ్యలో చెయ్యి చాచినా అందనంత ఖాళీ. ఇటు పదిహేను మంది, అటు పదిహేను మంది, అందరూ ఒకేసారి అరుస్తుంటారు. నా పక్కనావిడ మొగుడికి గ్యాస్ కనెక్షన్ నంబరు ఒక్కో అంకే చెప్పి, మళ్లీ చెప్పి, మూడోసారి ఏడుపు గొంతుతో చెప్పింది. ఆ ఏడుపు నంబరు గురించే. అవతల ఒకాయన ఏ బీరువాలో ఏ కాగితం ఉందో కూతురికి అరిచి చెప్తున్నాడు. ఇరవై నిమిషాలకు గంట కొడతారు.

తమ్ముడు దుప్పట్లు ఉతికే చోట పని చేస్తాడు. సోడాకు వేళ్ల చివర్లు పగిలిపోయాయి. జాలీలోంచి చూపించాడు. పూత మందు కావాలన్నాడు. కళ్లజోడు పవర్ మారింది, అక్షరాలు అలుక్కుపోతున్నాయి, చీటీ ఇస్తాను కొత్తది చేయించి పంపు అన్నాడు. ఆ తర్వాత అసలు సంగతి చెప్పాడు. ముందస్తు విడుదలకు ఈ ఏడు వాడి పేరు వచ్చింది. మేలో కమిటీ కూర్చుంటుంది. ఖైదీ తన మాటల్లో ఒక ఉత్తరం రాసి ఇవ్వాలి. వాడు రాసేశాడు. గేటు దగ్గర ఇస్తారు తీసుకో అన్నాడు.

"టైపు చేయించి లాయరుకు ఇచ్చేయి అక్కా. తప్పులేమన్నా ఉంటే దిద్దు" అన్నాడు.

బస్సులో చదివాను. మొత్తం ఇంతే:

"కింది పోర్షన్ ఆయన్ని నేను పానాతో తల మీద కొట్టాను. నీళ్ల మోటారు దగ్గర గొడవ. ఆయన మూడో రోజు చనిపోయారు. మెట్ల మీద జారిపడ్డారని కోర్టులో చెప్పాను. అది అబద్ధం. ఇక్కడ దుప్పట్లు ఉతికే పని చేస్తున్నాను. పంపిస్తే మా అమ్మ దగ్గర, అక్క దగ్గర ఉంటాను. అమ్మకు ఎనభై రెండేళ్లు. పంపకపోతే ఈ పని చేసుకుంటాను."

ఇది చదివి ఎవరు ఏడుస్తారు?

జనవరి 12, ఆదివారం

అమ్మకు చెప్పాను. పాత దిండుగలీబులు ముందేసుకుని ఊడిన గుండీలు కుడుతోంది. సూదిలో దారం తనే ఎక్కిస్తుంది. మోకాళ్ల నొప్పి తప్ప నాకంటే గట్టిగా ఉంది.

ఈసారి వాడు వచ్చేయొచ్చమ్మా అన్నాను. గుండీ కుట్టడం పూర్తి చేసి దారం పళ్లతో కొరికి, సరే అంది. సరే అంటే ఏమిటో ఆమెకే తెలియాలి. ఈ పదకొండేళ్లలో అమ్మ ఒక్కసారి కూడా జైలుకు రాలేదు. మందు పంపుతుంది, స్వెట్టర్ అల్లి పంపుతుంది, మనిషి మాత్రం రాదు. గుండె రాయి చేసుకుందని బంధువులంటారు. అంతే అయ్యుంటుంది.

ఈ ఏడు కాకపోతే మళ్లీ మూడేళ్ల దాకా లేదట. ఎనభై రెండూ మూడూ ఎంతో లెక్క వేయడానికి పెద్ద చదువులక్కర్లేదు. వీళ్లిద్దరూ ఒక ఇంట్లో ఒక పూట కలిసి తినడం చూడాలని ఉంది. ఇంకేమీ వద్దు నాకు.

జనవరి 20, సోమవారం

ఉత్తరం దిద్దాను. అక్షరదోషాలు రెండే ఉన్నాయి. కానీ వాక్యాలు పొడిపొడిగా ఉన్నాయి. మధ్యలో రెండు ముక్కలు కలిపాను. దిద్దమన్నది వాడే.

జనవరి 23, గురువారం

అమ్మకు జ్వరం తెప్పించాను. ఉత్తరంలో.

జనవరి 28, మంగళవారం

జ్వరం చాలలేదు. జ్వరం ఎవరికైనా వస్తుంది, తగ్గుతుంది. ఇవాళ అమ్మను మంచం పట్టించాను. వీధి తలుపు చప్పుడైతే చాలు కొడుకు వచ్చాడేమో చూడమంటుంది అని రాశాను. రాస్తూ నేనే కళ్లు తుడుచుకున్నాను. ఆ సమయానికి అమ్మ స్టూలెక్కి ఫ్యాను రెక్కలు తుడుస్తోంది. కింద పడతావు దిగమ్మా అని అరిచి మళ్లీ రాసుకున్నాను.

గూటిలోంచి పడ్డ పిచ్చుక పిల్లను తమ్ముడు చేరదీసినట్టు ఒక పేరా పెట్టాను. ఎగిరే రోజు వస్తే వదిలేశాడు. ఆ రోజే వాడికి ప్రాణం విలువ తెలిసింది. పానా మాట తీసేశాను. "క్షణికావేశంలో జరిగిన తోపులాట" అన్నాను. కోర్టులో అబద్ధం చెప్పానన్న వాక్యం కూడా తీసేశాను. వాడి మంచికే. ఎవరైనా తన గొయ్యి తనే తవ్వుకుంటారా?

మూడున్నర పేజీలు వచ్చింది. బాగా వచ్చింది.

ఫిబ్రవరి 8, శనివారం

లాయరు చదివి కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. ముప్పై ఏళ్ల సర్వీసులో ఇలాంటి ఉత్తరం చూడలేదన్నాడు. అమ్మగారికి నిజంగా అంత సీరియస్‌గా ఉందా అని అడిగాడు. ఎనభై రెండేళ్లు కదండీ అన్నాను. అది అబద్ధమేమీ కాదు.

వాడి సంతకం కోసం గుమస్తా ఇంకో పది కాగితాలతో కలిపి లోపలికి తీసుకెళ్లాడు. తమ్ముడు చదివాడా అని అడిగితే, చదవడానికి కళ్లజోడు పనికిరావడం లేదన్నాడట, మా అక్క చూసింది కదా అని సంతకం పెట్టేశాడట.

కళ్లజోడు చీటీ నా బ్యాగులోనే ఉండిపోయింది. రేపే షాపులో ఇవ్వాలి.

ఫిబ్రవరి 15, శనివారం

మందూ కళ్లజోడూ తీసుకెళ్లాను. జాలీకి అవతల పెట్టుకుని చూసి, నీకు ఇన్ని తెల్లవెంట్రుకలు ఎప్పుడొచ్చాయి అన్నాడు.

ఉత్తరం దిద్దావా అని అడిగాడు. దిద్దానన్నాను. ఇచ్చేశావా అన్నాడు. ఇచ్చేశానన్నాను. అంతటితో అయిపోయింది. చెప్పాలనుకుంటే అప్పుడే చెప్పొచ్చు. చుట్టూ అంత గోలలో మూడున్నర పేజీలు ఎక్కడ చెప్పను?

పోయిన ఆదివారం జైలు హాల్లో నా పాత సినిమా వేశారట. వాడి బ్యారక్‌లో అందరూ ఏడ్చారట. ఇద్దర్ని నరికి వచ్చినవాడు వెక్కి వెక్కి ఏడ్చాడట. ఇంత తప్పుల తడక సినిమా చూసి మీకు నవ్వు రాలేదా అన్నాను. అలాంటి జాలీ ఎక్కడా ఉండదు, తల్లి చెయ్యి కొడుకు బుగ్గకు అందేంత దగ్గర. వాడు కాసేపు ఆలోచించాడు. మాట్లాడే ముందు ఆలోచించే అలవాటు లోపలికి వెళ్లాకే వచ్చింది.

"అందులో వాడు ఏ తప్పూ చేయలేదు కదక్కా. వాణ్ని చూస్తున్నంతసేపూ మేమూ చేయనట్టే ఉంటుంది. అందుకే ఏడుపు సుఖంగా వస్తుంది. లైట్లు వేశాక ఎవడి మొహం ఎవడూ చూడడు" అన్నాడు.

ఇంటికి రాగానే ఈ మాట వేరే కాగితం మీద రాసి పెట్టుకున్నాను. ఎప్పుడైనా పనికొస్తుంది.

ఫిబ్రవరి 19, బుధవారం

కొత్త సినిమాకు ములాఖత్ సీన్ రాశాను. హీరో బట్టలు ఉతికి ఉతికి వేళ్లు పగిలిపోయి ఉంటాయి. తల్లి జాలీలోంచి ఒక్కో వేలూ పట్టుకుని ముద్దు పెట్టుకుంటుంది. "ఈ వేళ్లు పాపం చేసినవి కావు నాన్నా, పాపాన్ని ఉతికినవి" అంటుంది. చదివి వినిపిస్తే డైరెక్టర్ లేచి కిటికీ దగ్గరికి వెళ్లి అటు తిరిగి నిలబడ్డాడు. ఆఫీసులో టీ ఇచ్చే ఆవిడ కూడా ముక్కు చీదింది.

మార్చి 18, మంగళవారం

ఇవాళ నేను డైరెక్టర్ ఆఫీసులో ఉండగా ఇంటికి విచారణ అధికారి వచ్చాడు. ఖైదీ ఇంటి పరిస్థితి చూసి కమిటీకి రిపోర్టు ఇవ్వడం అతని పని. ఒక మనిషి వస్తాడని లాయరు చెప్పలేదు. లేదా చెప్పాడేమో, నేను ఏ లోకంలో ఉన్నానో.

సాయంత్రం ఇంటికి వచ్చేసరికి అమ్మ ముందుగదిలో కూర్చుని ఉంది. లైటు వేయలేదు. నేను చెప్పులు విప్పుతుండగా మొదలుపెట్టింది. అతను తలుపు కొడితే తనే తీసిందట. మంచం పట్టిన పెద్దావిడ ఏ గదిలో ఉందమ్మా అని అడిగాడట. ఈ ఇంట్లో మంచం పట్టినవాళ్లెవరూ లేరు బాబూ, తప్పు ఇంటికి వచ్చినట్టున్నావు అందట. అతను కాగితం తీసి చూసుకుని, మీరు ఫలానా ఆయన తల్లి కాదా అన్నాడట. అవునందట. అప్పుడు అతను కొంచెం ఇబ్బంది పడి, మంచినీళ్లు అడిగి తాగి, ఉత్తరమంతా ఆమెకు చదివి వినిపించాడట.

మూడున్నర పేజీలూ. పిచ్చుకతో సహా.

"నువ్వేం చెప్పావమ్మా?" అన్నాను.

"వాడు రాసింది కాదు బాబూ, మా అమ్మాయి రాసింది అన్నాను. వాడికి ఇన్ని మాటలు రావు."

ఎందుకలా చెప్పావు అని గట్టిగానే అడిగాను. రెండు రోజులు ఒంట్లో బాగాలేదని ఒక్క మాట అంటే నీ సొమ్మేం పోయేది, కొడుకు బయటికి రావడం ఇష్టం లేదా అన్నాను. ఇంకా చాలా అన్నాను. అవన్నీ రాయలేను.

అమ్మ అంతా విని, "ఒకసారి చెప్పాను కదే. అది చాలదా నీకు?" అంది. లోపలికి వెళ్లి కంచాలు పెట్టింది. నేను తినలేదు. తను తిన్నది.

మార్చి 19, బుధవారం

కోర్టు గురించి ఈ పుస్తకంలో రాయకూడదనుకున్నాను. పదకొండేళ్లలో ఎక్కడా రాయలేదు.

అప్పుడు అమ్మ సాక్ష్యం నేనే రాశాను. నీళ్ల మోటారు దగ్గర మాటామాటా పెరిగింది, తమ్ముడు పానా ఎత్తాడు, కొట్టాడు. అమ్మ మెట్ల పైనుంచి చూసింది. నేను ఇంట్లోనే ఉన్నాను, చప్పుడు విన్నాను. కింది పోర్షన్ ఆయనకు పదేళ్ల కూతురు. తల్లి లేని పిల్ల. రోజూ పొద్దున బడికి వెళ్లేముందు మా ఇంటికి వచ్చి అమ్మ చేత జడ వేయించుకునేది.

కాలు జారి పడ్డాడని చెప్పాలి. నాలుగు రోజులు అమ్మకు నేర్పించాను. ఎక్కడ ఆగాలో, ఎక్కడ కళ్లు తుడుచుకోవాలో కూడా పక్కన రాశాను. అమ్మ బోనెక్కింది. ఎదురు బెంచీ మీద ఆ పిల్ల కూర్చుని ఉంది. జడ ఎవరు వేశారో, వంకరగా ఉంది. అమ్మ ఆ పిల్లను చూస్తూ నేను రాసిందంతా ఎక్కడా ఆగకుండా ఒక్క బిగిన అప్పజెప్పి దిగిపోయింది. కళ్లు తుడుచుకోలేదు. వల్లె వేసిన సాక్ష్యంలా ఉందని జడ్జి తీర్పులో రాశాడు.

అమ్మ జైలుకు ఎందుకు రాదో తెలియనట్టు జనవరిలో రాశాను. తెలుసు.

మార్చి 22, శనివారం

తమ్ముడికి చెప్పక తప్పలేదు. ఉత్తరంలో ఏమేం ఉందో చెప్పాను. వింటూ వింటూ జాలీ పట్టుకున్నాడు. అమ్మ పోతుందని రాశావా అన్నాడు. పోతుందని కాదు, మంచం పట్టిందని రాశానన్నాను. పిచ్చుక అంటే మాత్రం వాడికి నవ్వు వచ్చింది. చిన్నప్పుడు నేను కథ చెప్తే నవ్వినట్టే నవ్వాడు. ఆ నవ్వు చూసి నాకు ధైర్యం వచ్చింది.

ఇప్పుడు ఏం చేయాలో కూడా నేనే చెప్పాను. కమిటీ అడిగితే, ఉత్తరం రాసేనాటికి అమ్మకు బాగాలేదు, ఆ తర్వాత కోలుకుంది, వయసు వల్ల మతిమరుపు వచ్చి అధికారితో ఏదో అనేసింది అని చెప్పు. అంతే. మూడు ముక్కలు. నోటికి తిరిగేదాకా రెండుసార్లు చెప్పాను. మిగతాది వాళ్లే చూసుకుంటారు. గంట కొట్టారు.

"సరే అక్కా, జాగ్రత్తగా వెళ్లు" అన్నాడు.

సరే అన్నాడు. చెప్తాడు.

మార్చి 23, ఆదివారం

సరే అన్నాడు కదా.

ఏప్రిల్ 16, బుధవారం

డైరెక్టర్ క్లైమాక్స్ వినిపించమన్నాడు. అసలు హంతకుడు దొరుకుతాడు, జైలరు సెల్యూట్ చేస్తాడు, గేటు తెరుచుకుంటుంది. అంతా అనుకున్నట్టే రాసి పెట్టాను. రాయడానికి అరపూట పట్టలేదు.

మధ్యలో ఉండబట్టలేక, హీరో నిజంగానే చంపి ఉంటే ఎలా ఉంటుంది అని అడిగాను. ఆయన నన్ను వింతగా చూసి, అప్పుడు జనం ఎవరి కోసం ఏడవాలి మేడమ్ అన్నాడు. తమ్ముడి పాత ఉత్తరం చదివినప్పుడు నేనూ అనుకున్నది అదే కదా.

మే 6, మంగళవారం

ఇవాళ కమిటీ. పదకొండున్నరకు వాడి వంతు. అమ్మకు చెప్పలేదు. తనకు తెలుసు. పొద్దుటి నుంచి గడియారం వైపు చూడకుండా తిరుగుతోంది.

మే 9, శుక్రవారం

తోసిపుచ్చారు. మళ్లీ మూడేళ్లకు.

లాయరు లోపల కూర్చున్నవాళ్ల నుంచి తెలుసుకుని చెప్పాడు. కమిటీ అధ్యక్షుడు విచారణ అధికారి రిపోర్టు పక్కన పెట్టి, మెత్తగానే అడిగాడట. పెద్దవయసు కదా, మీ అమ్మగారు మధ్యలో కోలుకున్నారేమో అని మాట అందించాడట కూడా. తమ్ముడు తల ఊపితే అయిపోయేది. వాడు లేచి నిలబడి, మా అమ్మ బాగానే ఉందండీ, ఎప్పుడూ మంచం పట్టలేదు, ఈ ఉత్తరం నేను రాసింది కాదు, చదవకుండా సంతకం పెట్టాను, అది నా తప్పు అన్నాడట. పిట్ట సంగతి అడిగితే, పిట్ట దూరేంత కిటికీ మా బ్యారక్‌కు లేదండీ అన్నాడట. తోపులాట కాదు, పానాతో కొట్టాను, కోర్టులోనూ అబద్ధం చెప్పాను అన్నాడట.

ఎవరు రాశారు అని అడిగితే మాత్రం చెప్పలేదట. అప్పటికే వాళ్ల రిపోర్టులో ఉంది.

తప్పుడు వివరాలతో దరఖాస్తు అని రాసి పక్కన పెట్టేశారు. వాడి పాత ఉత్తరమే పంపి ఉంటే ఏమయ్యేదని లాయర్ని అడిగాను. చూపించమన్నాడు. బ్యాగులోంచి తీసి ఇచ్చాను. తొమ్మిది వాక్యాలు. ఈసారి కళ్లజోడు తీసి తుడుచుకోలేదు. మడిచి నా చేతికిచ్చి, ఇది పంపాల్సింది మేడమ్ అన్నాడు.

మే 10, శనివారం

వాడు ములాఖత్‌కు రాడేమోననుకున్నాను. వచ్చాడు. వేళ్లకు మందు పని చేస్తోందన్నాడు. నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది.

ఒక్కసారి తల ఊపితే ఈపాటికి ఇంట్లో ఉండేవాడివి కదరా అన్నాను.

"ఉండేవాణ్ని. ఉండి అమ్మకు ఎదురుగా ఎలా కూర్చునేదక్కా? అమ్మ ఇన్నేళ్లూ రానిది నేను కొట్టినందుకు కాదు. నా కోసం బోనెక్కి ఆ పిల్ల ముందు అబద్ధమాడాల్సి వచ్చినందుకు. మళ్లీ ఇంకోటా?"

అది నేను రాసిందిరా, నీది కాదు అన్నాను. పక్కన ఎవరో అరుస్తున్నారు. వాడికి వినిపించినట్టు లేదు. మళ్లీ అనే ధైర్యం లేకపోయింది.

మే 11, ఆదివారం

అమ్మకు అంతా చెప్పాను. ఏదీ తగ్గించలేదు, కలపలేదు. అలా చెప్పడం నాకు ఎంత కష్టమో నాకే తెలుసు. మధ్యలో రెండుసార్లు మాటలు వాటంతటవే అందంగా వస్తుంటే ఆగి మళ్లీ మొదలుపెట్టాను.

అంతా విని అమ్మ ఒకే ఒక్కటి అడిగింది.

"ఎవరూ నేర్పకుండానే చెప్పాడా?"

నేర్పింది నేనే, దానికి వ్యతిరేకంగా చెప్పాడన్నాను. అమ్మ రెండు చేతుల్లో మొహం పెట్టుకుంది. అమ్మ ఏడవడం నాన్న పోయినప్పుడు చూశాను, మళ్లీ ఇవాళే. సినిమాల్లో నేను రాసే ఏడుపులా లేదు. ముక్కు కారింది, పొలమారింది, దగ్గు వచ్చింది. నీళ్లు తెచ్చి ఇచ్చాను. నేనూ పక్కన కూర్చుని ఏడ్చాను. నా వల్లే అయిందమ్మా, రెండుసార్లూ నా వల్లే అన్నాను. అవునంది.

మొహం కడుక్కుని వచ్చి, శనివారాలేనా వెళ్లనిచ్చేది అంది.

మే 15, గురువారం

అమ్మ నా బల్ల మీద తన కళ్లజోడు వెతుక్కుంటూ సినిమా కాగితాలు చూసింది. ములాఖత్ సీన్ చదివింది. నా గది గుమ్మంలో నిలబడి ఎంతసేపటి నుంచి చదువుతోందో నేను గమనించలేదు.

వాడి వేళ్లు ఇలా అయ్యాయా అని అడిగింది. ఇది సినిమా అమ్మా అన్నాను. అది తెలుసు, వాడి వేళ్లు ఇలా అయ్యాయా లేదా అని మళ్లీ అడిగింది. అయ్యాయి, ఇప్పుడు తగ్గుతున్నాయన్నాను. కాగితాలు ఎక్కడివక్కడ పెట్టేసింది. తనకు చెప్పని సంగతి సినిమావాళ్లకు చెప్పానని అనలేదు. అనకపోయినా వినిపించింది.

డైరెక్టర్‌కు ఫోన్ చేసి ఆ సీన్‌లో వేళ్లు తీసేద్దామన్నాను. షూటింగ్ అయిపోయింది మేడమ్, అద్భుతంగా వచ్చింది, యూనిట్ యూనిట్ అంతా ఏడ్చారు అన్నాడు.

మే 24, శనివారం

అమ్మను జైలుకు తీసుకెళ్లాను.

బస్సు దిగాక గేటు దాకా నడిపించాల్సి వచ్చింది. మోకాళ్లు, ఎండ. చెయ్యి పట్టుకోబోతే అక్కర్లేదంది. రిజిస్టరు దగ్గర ఆవిడ సంబంధం ఏమిటని అడిగితే, తల్లిని అంది. మొదటిసారా అంటే, అవునంది. ఆవిడ ఇంకేమీ అనకుండా కుర్చీ జరిపి కూర్చోమంది. వేలిముద్ర వద్దు, సంతకం పెడతానని అమ్మ పెన్ను అడిగి తీసుకుని పేరంతా రాసింది.

ములాఖత్ చీటీలో ఇద్దరి పేర్లూ రాయించాను. అమ్మ చూసి నా పేరు కొట్టేయించింది.

"నువ్విక్కడ కూర్చో. నేను వెళ్లొస్తా" అంది.

అమ్మా, అక్కడ అంతా గోల, నీకు వినబడదు, వాడు చెప్పేది నేను పక్కనుండి చెప్తాను అన్నాను. నువ్వు చెప్పొద్దు అంది. నాకు కోపం వచ్చింది. పదకొండేళ్లు తిరిగింది నేను. మందులు మోసింది నేను. ఆ మాట నోటిదాకా వచ్చింది. రిజిస్టరులో జూన్ పేజీ గుర్తొచ్చి మింగేశాను.

తలుపు తెరిచి అమ్మను పంపి మూసేశారు. గోడ వార ఇనుప బెంచీ మీద కూర్చున్నాను. లోపలి గోల వినిపిస్తూనే ఉంది. అందులో అమ్మ గొంతు ఏదో, వాడి గొంతు ఏదో విడదీయాలని చూశాను. తలుపుకు చెవి ఆనించబోతే కాపలా మనిషి వద్దని సైగ చేశాడు. నాలాంటిదాన్ని ఎంతమందిని చూశాడో.

గంట కొట్టారు. అందరికంటే చివర అమ్మ వచ్చింది. మొహంలో ఏముందో వెతికాను. కళ్లు ఎర్రగా లేవు. జుట్టు చెదరలేదు. లోపలికి వెళ్లేటప్పుడు ఎలా ఉందో అలాగే ఉంది, నడక మాత్రం ఇంకా నిదానంగా ఉంది. బెంచీ మీద నా పక్కన కూర్చుని కాసేపు మోకాలు రాసుకుంది.

ఏమన్నాడమ్మా అని అడిగాను. బాగున్నాడంది. నువ్వేమన్నావు అన్నాను. చెంగుతో చెమట తుడుచుకుంది. కోర్టు సంగతి ఏమన్నా అన్నాడా, ఆ పిల్ల గురించి చెప్పావా, ఏడ్చాడా అని ఒకదాని మీద ఒకటి అడుగుతూ పోయాను. అమ్మ నా వైపు తిరిగింది.

"చెప్తే రాస్తావు" అంది.

కోపంగా అనలేదు. ఉన్న మాట అన్నట్టు అంది. లేచి, బస్సు ఎన్నింటికి అని అడిగింది.

ఇల్లు చేరాక తను పడుకుంది. నేను ఈ పుస్తకం ముందేసుకున్నాను. ఇరవై నిమిషాలు, వాళ్లిద్దరు, మధ్యలో రెండు జాలీలు. అమ్మ మొదటి మాట ఏమయ్యుంటుంది, వాడు ఏమని పిలిచి ఉంటాడు, నాకిది చిటికెలో పని. మూడు వాక్యాలు రాశాను. మూడూ కొట్టేశాను.

మూడూ చాలా బాగా వచ్చాయి.